బందరు నుంచి డోర్నకల్ దాకా

లెక్కల టీచరుగా 23 ఏళ్ళు చేశాక పోయిన జూన్‌లో నేను హెచ్‌ఎమ్ (హెడ్మిస్ట్రెస్) అయ్యాను. పాత హెచ్‌ఎమ్ గారు రిటైరయిన సాయంత్రం బీరువా తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు. జీతాల బిల్లు ఏ తేదీలోగా పెట్టాలో, అడ్మిషన్ రిజిస్టర్లు ఏ అరలో ఉన్నాయో చెప్పి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి తొమ్మిది మంది టీచర్లు, 214 మంది పిల్లలు, మిషనరీల కాలంలో వేసిన పెంకుల కప్పు, వానొస్తే అది కారే మూడు చోట్లు, అన్నీ నా బాధ్యతే. పాఠం ఎలా చెప్పాలో బీఈడీలో నేర్పారు. బడిని ఎలా నడపాలో ఎవరూ నేర్పలేదు. 2020 జాతీయ విద్యా విధానంలో టీచర్లకు లాగే హెడ్మాస్టర్లకు కూడా ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని రాశారు. ఆ మాట చదివినప్పటి నుంచి ఎదురుచూస్తూనే ఉన్నాను. క్రైస్తవ బడుల హెచ్‌ఎమ్‌లకు ఐదు రోజుల శిక్షణ పెడుతున్నారు, వెళతారా అని మా బడి యాజమాన్యం తరఫున చూసే కరెస్పాండెంట్ గారు అడిగితే ఇంకో మాట లేకుండా సరేనన్నాను.

మాది పల్నాడు వైపు ఒక ఎయిడెడ్ హైస్కూలు, అంటే టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇచ్చే ప్రైవేటు బడి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అలాంటి బడుల వాళ్ళే. లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళు, నలుగురు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) సిస్టర్లు, మొత్తం 26 మందిమి. శిక్షణ ఇచ్చేది ప్రిన్సిపాల్‌గా రిటైరయిన ఒక అమ్మగారు, ఆమెకు తోడుగా ఒక పాస్టరు గారు. హాల్లో కూర్చోబెట్టే ముందు మమ్మల్ని బందరు తీసుకెళ్ళాలన్నది అమ్మగారి ఆలోచన. "మన బడులు ఎక్కడ మొదలయ్యాయో కళ్ళతో చూడకుండా నాయకత్వం గురించి మాట్లాడితే అది గాల్లో మాట అవుతుంది" అన్నారు.

మొదటి రోజు, మంగళవారం

ఉదయం ఆరున్నరకు విజయవాడలో బస్సెక్కాం. నవంబరు కదా, కంకిపాడు దాటాక రోడ్డుకు రెండు పక్కలా వరి పండి వాలి ఉంది. ఉయ్యూరులో టిఫిన్. పామర్రు దాటేసరికి సిస్టర్లు పాటలు మొదలుపెట్టారు, బందరు వచ్చేదాకా ఆపలేదు.

రాబర్ట్ నోబుల్ అనే సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషనరీ 1841లో ఈ ఊరొచ్చాడు. 1843 నవంబరులో బడి తెరిచాడు. తర్వాత నోబుల్ కాలేజీ అయింది అదే. పట్టాభి సీతారామయ్య, కృష్ణా పత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు ఇక్కడే చదువుకున్నారు, వాళ్ళకు పాఠం చెప్పినవారు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. నోబుల్ మళ్ళీ స్వదేశం వెళ్ళలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును తుడిచిపెట్టింది, ముప్ఫై వేలకు పైగా జనం పోయారంటారు. ఆ మరుసటి ఏడాదే ఆయన కూడా ఇక్కడే కన్నుమూశాడు.

కాలేజీ ఎదుట చెట్టు నీడలో నిలబెట్టి అమ్మగారు ఇదంతా చెప్పారు. తర్వాత ఇంకో సంగతి చెప్పారు. అది విన్నాక మాలో చాలామంది కాసేపు మాట్లాడలేదు. పై కులాల పిల్లలకు చదువు చెబితే అది మెల్లగా కిందికి చేరుతుందని నోబుల్ నమ్మాడట. అందుకే మొదట్లో అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన కులాల పిల్లలకు ఆయన బడిలో చోటు లేదు. అంత చేసినా 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే పిల్లలందరినీ మాన్పించేశారు, బడి ఖాళీ అయింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి కూడగట్టుకోవలసి వచ్చింది.

"ఆయన ఓపిక నేర్చుకోండి. ఆయన గుమ్మం దగ్గర ఎవర్ని ఆపాడో కూడా గుర్తుపెట్టుకోండి" అన్నారు అమ్మగారు. మా తాత చదువుకున్నది గుంటూరు జిల్లాలో ఒక మిషను బళ్ళో. చెప్పులు కుట్టే ఇంటి నుంచి వచ్చి అక్షరాలు దిద్దాడు. ఆయన ఒకవేళ 1843లో బందరులో పుట్టుంటే? బస్సులో తిరిగొస్తున్నంత సేపూ అదే ఆలోచన.

మధ్యాహ్నం భోజనం, బందరు లడ్డూలు కొనడం, సాయంత్రానికి విజయవాడ. రాత్రి ఒక హాస్టల్లో పడుకున్నాం. దోమలు బాగా ఉన్నాయి.

రెండో రోజు, బుధవారం

పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్. కొండపల్లి కొండలు, థర్మల్ పొగ గొట్టాలు దాటాక నేల రంగు మారింది. మధిర నుంచి పత్తి చేలు, మిరప చేలు, మామిడి తోటలు. పత్తి పగిలి తెల్లగా ఉంది. చేలల్లో ఆడవాళ్ళు నడుముకు గుడ్డ సంచులు కట్టుకుని ఏరుతున్నారు. పక్కన చిన్న పిల్లలు కూడా కనిపించారు. బుధవారం, బడి ఉన్న రోజు. నా పక్కన కూర్చున్న సిస్టర్ గారు కూడా వాళ్ళనే చూస్తున్నారు. మా ఊళ్ళో ఇదే పని ఫిబ్రవరి, మార్చిల్లో మిరప కోతలప్పుడు జరుగుతుంది. తొమ్మిదో తరగతిలో మూడో వంతు బెంచీలు ఖాళీగా ఉంటాయి, హాజరు పట్టీలో ఎర్ర ఇంకు నిండిపోతుంది.

ఖమ్మం తర్వాత డోర్నకల్ జంక్షన్. కొత్తగూడెం వైపు నుంచి బొగ్గు గనుల లైను ఇక్కడే కలుస్తుంది. మేం దిగేటప్పటికి పక్క లైన్లో బొగ్గు వ్యాగన్లు ఆగి ఉన్నాయి. చిన్న ఊరు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, అప్పట్లో నిజాం రాజ్యం.

ఇక్కడికి 1909లో తిరునల్వేలి నుంచి ఒక తమిళుడు వచ్చాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. వైఎంసీఏలో పెద్ద ఉద్యోగం వదులుకుని, తెలుగు ఒక్క ముక్క రాకుండా, గుడారంలో కాపురం పెట్టాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి శాఖలో) బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

ఎపిఫనీ కెథీడ్రల్‌కి నడిచి వెళ్ళాం. 1939లో ప్రతిష్ఠించిన గుడి ఇది. దూరం నుంచి గుమ్మటాలు చూస్తే మసీదా అనిపిస్తుంది, దగ్గరకెళితే రాతి స్తంభాలు మన గుళ్ళలో మండపాన్ని గుర్తుకు తెస్తాయి. లోపల చల్లగా ఉంది. చెప్పులు బయట విడిచి వెళ్ళాం. ఒక స్తంభానికి చేయి ఆనించి నిలబడ్డాను, రాయి ఇంకా పొద్దుటి చల్లదనంతోనే ఉంది. ఇంగ్లండు గుడికి నకలు కట్టకుండా ఈ నేల మీద మొలిచినట్టుండే గుడి కట్టాలని ఒక బిషప్ అప్పట్లోనే అనుకున్నాడంటే నాకు గర్వంగా అనిపించింది. ఆయన సమాధి కూడా ఈ ఆవరణలోనే. 1945 జనవరి 1న పోయారు.

రాత్రి భోజనాల తర్వాత పాస్టరు గారు అజరయ్య గారి పని గురించి చెప్పారు. నాకు బాగా పట్టుకున్నది పంతుళ్ళ సంగతి. 1935 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో (బిషప్ కింద ఉండే ప్రాంతంలో) 250 మంది దేశీయ పాదిరీలు, రెండు వేలకు పైగా పల్లె పంతుళ్ళు, వైద్య సేవకులు, సువార్తికులు ఉన్నారట. మాల పల్లెలో, మాదిగ గూడెంలో ఒక పంతులు ఉంటే పగలు పిల్లలకు బడి, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు లాంతరు కింద అక్షరాలు. ఉత్తరం రాసిపెట్టేది ఆయనే, దొర దగ్గరకు అర్జీ తీసుకెళ్ళేది ఆయనే, ఆదివారం ఆరాధన నడిపేదీ ఆయనే. అజరయ్య గారి భార్య అన్బు గారు ఆ పనికి వచ్చేవాళ్ళ భార్యలకు చదువు చెప్పేవారు. ఆడవాళ్ళు నేర్చుకుంటేనే ఇల్లు నేర్చుకుంటుందని.

రెండు వేల మంది! ఒక్క అజరయ్య పేరే మనకు గుర్తుంది. కానీ ఆ పల్లెల్ని మార్చింది పేరు తెలియని ఆ పంతుళ్ళు. మా తాతకు అక్షరాలు నేర్పింది కూడా అలాంటి ఒక ఉపదేశే. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి అది నన్ను చాలా బాధపెట్టింది.

మూడో రోజు, గురువారం

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా హాల్లోనే. ఎక్కువ నేర్చుకున్నదీ ఈ రోజే.

మొదట అమ్మగారు ఒక చీటీ ఇచ్చి, పోయిన వారం బడిలో మీ టైమంతా దేనికి పోయిందో గంటల లెక్కన రాయమన్నారు. లెక్కల టీచర్ని కాబట్టి శ్రద్ధగా రాశాను. ప్రభుత్వ యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, యూడైస్ (బడుల సమాచార వెబ్‌సైటు) వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోన్లు, మీటింగులు, రాని టీచరు బదులు క్లాసుకు పోవడం. కలిపితే 41 గంటలు వచ్చింది. టీచర్ల క్లాసులో కూర్చుని చూసింది ఎంతసేపు? సున్నా. చుట్టూ చూస్తే నాలాంటి సున్నాలు ఇంకా చాలా ఉన్నాయి.

అప్పుడు పాస్టరు గారు నిర్గమకాండం 18వ అధ్యాయం తీశారు. మోషే పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక్కడే కూర్చుని జనం తగువులు తీరుస్తుంటాడు. మామ యిత్రో వచ్చి చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, నీ దగ్గరకొచ్చే జనమూ నలిగిపోతారు, పని పంచిపెట్టు అంటాడు. చిన్నప్పటి నుంచి విన్న కథే. మామగారు చెప్పినా మోషే చిన్నబుచ్చుకోకుండా విన్నాడన్న సంగతి మాత్రం ఇంతకు ముందు నాకు తట్టలేదు.

తర్వాత అమ్మగారు పనికొచ్చే పద్ధతి చెప్పారు. రోజుకు ఒక క్లాసు, పది నిమిషాలు, వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చోవాలి. నోట్సు రాయకూడదు, రాస్తే టీచరుకు టెన్షన్. బోర్డు వైపు కన్నా పిల్లల నోటు పుస్తకాల వైపు చూడాలి. ఆ రోజే, ఇంటికి వెళ్ళే లోపు, ఆ టీచరుతో ఒక్క మంచి మాట, ఒక్క సలహా. రెండో సలహా ఎంత ముఖ్యమైనదైనా ఇంకో రోజుకు ఉంచుకోవాలి. అలా చేస్తే నెలకు మా తొమ్మిది మందినీ రెండేసి సార్లు చూడొచ్చని అక్కడే లెక్క వేసుకున్నాను.

మధ్యాహ్నం హక్కుల సంగతి వచ్చింది. హాలు వేడెక్కింది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు, ఎయిడెడ్ అయినా కాకపోయినా మైనారిటీ బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనం పరిశీలించాలని ప్రధాన న్యాయమూర్తి ముందుకు పంపింది. మన బడుల సంగతేంటని అందరిలోనూ కంగారు. పోస్టులు నిండక, రిటైరయిన టీచరు చోట ఎవరూ రాక, ఏటేటా చిక్కిపోతున్న బడులు మావి. ఆ కంగారు నాకూ ఉంది.

అమ్మగారు అందర్నీ మాట్లాడనిచ్చారు. తర్వాత, "30వ అధికరణం అందరికీ నోటికి వచ్చు. 28(3) ఎంతమందికి వచ్చు?" అని అడిగారు. ముగ్గురే చేయెత్తారు. ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న బడిలో ఏ పిల్లనైనా, పిల్లవాడినైనా, వాళ్ళ పెద్దల అనుమతి లేకుండా మత బోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదని ఉంది అందులో. మా బళ్ళో పిల్లల్లో ఎక్కువమంది హిందువులు, ముస్లింలు కొందరు. పొద్దున ప్రేయర్‌లో అందరూ నిలబడతారు. వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగామా? అడగలేదు. వాళ్ళు మన మీద నమ్మకంతో పంపారు, ఆ నమ్మకాన్ని అడిగి నిలబెట్టుకోవాలి అన్నారు అమ్మగారు. ఒక పెద్దాయన దీనికి ఒప్పుకోలేదు, చాలాసేపు వాదించారు. నేను మాత్రం అమ్మగారి వైపే. అడిగితే వద్దనేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉండొచ్చు. ఆ ఇద్దరి మాటకు విలువ ఇవ్వకపోతే మనం చెప్పే ప్రేమకు అర్థమేముంది?

టీ తర్వాత ఆ రోజు చివరి క్లాసు. తెల్ల కాగితం ఇచ్చి మీ ఆఫీసు గది బొమ్మ గీయమన్నారు. గీశాను. నా బల్ల, నా కుర్చీ, ఎదురుగా రెండు కుర్చీలు, బీరువా, గోడ మీద మా బడి కట్టించిన మిషనరీ ఫొటో, షీల్డులు. "ఆ ఎదురు కుర్చీల్లో పోయిన నెలలో ఎవరెవరు కూర్చున్నారో రాయండి" అన్నారు. కరెస్పాండెంట్ గారు, ఎంఈఓ ఆఫీసు నుంచి వచ్చినాయన, బ్యాంకు వాళ్ళు, గైడ్లు అమ్మేవాళ్ళు. "ఇప్పుడు, వచ్చి నిలబడి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు రాయండి."

పెన్ను ఆగిపోయింది. పేర్లు తెలియవు. ఎనిమిదో తరగతి పిల్లవాడి నాన్న మిర్చి యార్డులో హమాలీ. కొడుకు సరిగా రావడం లేదని పిలిపిస్తే వచ్చాడు. గుమ్మం అవతల చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకున్నాడు. నేను పది నిమిషాలు మాట్లాడాను, ఇలాగైతే టీసీ ఇచ్చేస్తానన్నాను. ఆయన అన్నింటికీ "అట్నే మేడం" అంటూ నిలబడే ఉన్నాడు. రెండు కుర్చీలు ఆయన ముందు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమనాలని నాకు తోచలేదు. మా తాత కూడా ఎన్ని ఆఫీసుల్లో అలా నిలబడి ఉంటాడో.

అప్పుడు అమ్మగారు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య గారు మాట్లాడిన సంగతి చెప్పారు. అప్పటికి ఆయన బిషప్ కూడా కాదు. మీరు పేదల కోసం మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలు కాల్చుకోవడానికి ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి, అని తెల్లవాళ్ళ ముందు నిలబడి అడిగాడాయన. ఆ మాట మేమందరం ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. కానీ ఇప్పుడు ఆ మాట అడుగుతున్నది నన్ను. చెవుల్లో ఆ హమాలీ గొంతే వినిపించింది.

నాలుగో రోజు, శుక్రవారం

ఇద్దరిద్దరుగా పల్లెలకు పంపారు. బడి మానేస్తున్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడి రావాలి. సలహాలు ఇవ్వకూడదు, వినాలి. నాకు జోడీ ఆర్‌సీఎం సిస్టర్ గారు. ఆటోలో అరగంట.

మేం వెళ్ళిన ఇంట్లో ఏడో తరగతి పాప ఉండాలి, లేదు. తల్లితో పత్తికి పోయిందట. ముసలామె ఒక్కతే ఉంది, వాళ్ళ నాయనమ్మ. మమ్మల్ని చూడగానే లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. కొంగుతో తుడిచింది. మళ్ళీ పక్కింటికి వెళ్ళి ఇంకో కుర్చీ అడిగి తెచ్చింది, అదీ తుడిచింది. "కూసోండ్రి మేడం" అని తను గడప మీద కూర్చుంది. మేం కింద కూర్చుంటామంటే ఒప్పుకోలేదు.

కూర్చున్నాను. నాకు గొంతు పట్టేసింది. సిస్టర్ గారే మాట్లాడారు.

మధ్యాహ్నానికి తల్లీ పాపా వచ్చారు. పాప వేళ్ళు చూశాను. పత్తికాయ మొనలు గుచ్చుకుని గోళ్ళ చుట్టూ చర్మం లేచింది, రెండు వేళ్ళకు ఎండిన నెత్తురు. కిలోకి ఇంతని ఇస్తారట. పత్తి అయిపోయేదాకా రెండు నెలలు ఈ పిల్ల కూలి కూడా ఉంటేనే అప్పు వడ్డీ కడతారు. బడంటే ఇష్టమేనా అని సిస్టర్ గారు అడిగితే పాప తల ఊపింది. మళ్ళీ ఎలా వెళ్ళడం, వెనకబడిపోయాను కదా అంది. తల్లి అన్న మాట ఇంకా గుర్తుంది. "సార్లు పిలిస్తే పోతది మేడం. ఎవ్వరు పిలుస్తలేరు."

నేను ఇన్నేళ్ళూ మిరప కోతల టైములో ఎర్ర ఇంకుతో ఆబ్సెంట్ వేశాను. ఒక్క ఇంటికి కూడా వెళ్ళలేదు. ఆ పల్లె పంతుళ్ళు ఏం చేసేవాళ్ళో అప్పుడు అర్థమైంది. వాళ్ళకు ఇంటికి వెళ్ళడం వేరే పని కాదు, వాళ్ళుండేదే ఆ గూడెంలో. మేం బస్సులో బడికొస్తాం, నాలుగున్నరకు బస్సెక్కి వెళ్ళిపోతాం.

ఆ సాయంత్రం హాల్లో ఎవరి ఇంటి సంగతి వాళ్ళు చెప్పారు. మెదక్ నుంచి వచ్చిన హెచ్‌ఎమ్ గారు మాట్లాడుతూ, వాళ్ళ పెద్ద గుడి కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించిందని చెప్పారు. పని ఇస్తేనే తిండి దొరికే కాలం పోయిందనుకున్నాం, పిల్లలకు ఇంకా పోలేదు అన్నారు.

ఐదో రోజు, శనివారం

పొద్దున కెథీడ్రల్‌లో ఆరాధన. తర్వాత ప్రతి ఒక్కరూ వెళ్ళగానే చేసే మూడు పనులు రాసి ఇవ్వాలన్నారు. నేను రెండే రాశాను. జనవరిలో, కోతలు మొదలవక ముందే, తొమ్మిది, పది తరగతుల్లో కూలికి పోయే పిల్లల ఇళ్ళకు వెళ్ళడం. పని పంచిపెట్టడం, ముఖ్యంగా యాప్ పనులు ఇద్దరు చిన్న టీచర్లకు నేర్పి అప్పగించడం. మూడోది రాయడానికి సిగ్గేసింది, అది కుర్చీ సంగతి. మధ్యాహ్నం రైలుకు అందరం విడిపోయాం. సిస్టర్ గారి నంబరు తీసుకున్నాను.

సోమవారం

ప్రేయర్ అయ్యాక మొదటి పీరియడ్‌లో ఏడో తరగతి వెనక బెంచీలో పది నిమిషాలు కూర్చున్నాను. తెలుగు మేడం కాస్త కంగారుపడ్డారు, తర్వాత సర్దుకున్నారు. పదకొండింటికి ఎనిమిదో తరగతి పిల్లవాడితో వాళ్ళ నాన్నకు కబురు పంపాను. తప్పేమీ చేయలేదు, ఊరికే మాట్లాడాలి అని మరీ మరీ చెప్పి పంపాను.

ఆయన మూడింటికి వచ్చాడు. గుమ్మం అవతల చెప్పులు విడిచాడు. నేను లేచి వెళ్ళి, లోపలికి రండి, కూర్చోండి అన్నాను. "పర్లేదు మేడం, నిలబడతాలే" అన్నాడు. ఇంకోసారి చెప్పాను. కుర్చీ అంచున కూర్చున్నాడు, తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా నా కుర్చీలోకి పోకుండా నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. ముందు ఆయన పేరు అడిగాను. తర్వాత, యార్డులో పొద్దున ఎన్నింటికి ఎక్కుతారు పనికి, అని అడిగాను. "తెల్లారి నాలుగింటికి మేడం" అన్నాడు. "పిల్లోడు కూడా వస్తాడు నాతో. ఆరింటి దాకా సాయం చేసి, అట్నుంచి అటే బడికి రావాలి. నిద్ర చాలక ఒక్కోరోజు రాలేడు."

ఇంతకు ముందు పది నిమిషాల్లో నేను టీసీ ఇచ్చేస్తానన్నది ఈ పిల్లవాడికే.